కుడివైపు అద్దం

చిన్నోడికి అమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమమని రాయడం వాడుక కాబట్టి రాస్తున్నాను. మీ నాన్న మాత్రం నిజంగానే క్షేమం. మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగావు. తగ్గింది. మళ్ళీ కుట్టుమిషను ముందు కూర్చుని, సూదిలో దారం ఎక్కించమని నన్ను సతాయిస్తున్నారు.

ఇక నీ ఇంగ్లీషు సంగతి. 'అవాయిడ్'కీ 'ఎవేడ్'కీ తేడా మీ క్లాసు పిల్లల బుర్రకెక్కడం లేదనీ, బస్సు నడిపేదాన్ని కాబట్టి నా పనిలోంచి ఉదాహరణలు పంపమనీ రాశావు. దెబ్బ తగలకుండా చూసుకోవడం మొదటిది, చేయాల్సినదానికి దొరక్కుండా తిరగడం రెండోది అన్నావు. సరే, రాసుకో. గుంత కనబడితే స్టీరింగు తిప్పుతాను, అది అవాయిడ్. టికెట్టు కొనని మహానుభావుడు చెకింగు వాళ్ళని చూసి వెనక తలుపులోంచి జారుకుంటాడు, అది ఎవేడ్.

రెండోదానికి ఇంకో ఉదాహరణ ఉంది, పిల్లలకి చెప్పకు. డిపోలో కళ్ళ పరీక్ష పెట్టిన రెండుసార్లూ ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టాను. కుడికంట్లో పక్కనుంచి నల్లటి తెర లాంటిది జరుగుతోంది రా. మెడ మొత్తం తిప్పితే తప్ప కుడివైపు అద్దం కనబడదు. బండి ఎక్కనివ్వరేమోనని మీ నాన్నకి కూడా చెప్పకుండా కడుపులో దాచుకున్నాను.

నిన్న బడి దగ్గర మలుపు తిప్పుతుంటే మా కండక్టరు "అక్కా ఆపు, పిల్ల" అని అరిచింది. బ్రేకు తొక్కాను. కుడి చక్రానికి జానెడు దూరంలో సైకిలు, దాని మీద చిన్న పిల్ల. పైప్రాణాలు పైనే పోయాయి. బస్సులోవాళ్ళంతా భలే తప్పించావమ్మా అని మెచ్చుకున్నారు. నేను ఆ పిల్లని చూడనే లేదు, చిన్నోడా.

ఇవాళ తాళాలు మేనేజరు బల్లమీద పెట్టి ఉన్నదున్నట్టు చెప్పేశాను. మీ నాన్నకీ చెప్పాను. రేపు కళ్ళ డాక్టరు దగ్గరికి తోడొస్తానన్నారు. ఆ డాక్టరమ్మ ఏం చెబుతుందోనని నాకు చాలా భయంగా ఉంది.

ఇంతవరకూ కుడికన్ను మూసుకుని రాశాను. సంతకం మాత్రం ఎడమకన్ను మూసుకుని పెడుతున్నాను. గీత దాటిపోతే నవ్వకు.

ఇట్లు,
మీ అమ్మ