చెయ్యి అదరని పిస్తోలు

ఘాలా, దసరా మరునాడు

నర్సన్నకు తమ్ముడు లింబయ్య దండాలు. ఒళ్ళు బాగానే ఉంది, మనసే నిలవడం లేదు.

ఈ ఎడారి దేశంలో మా కంపెనీ గోదాములో రాగి తీగల దొంగలు పాత వాచ్‌మన్ తల పగలగొట్టారు. ఆ డ్యూటీ ఇప్పుడు నాది. సొంత దేశానికి వెళ్ళిపోతున్న సూపర్‌వైజర్ తన చిన్న పిస్తోలు కొనుక్కోమన్నాడు, ముందు పేల్చి చూడమని ఇచ్చాడు, కాగితాలు కూడా తనే చేయిస్తాడట. గురిపందేల కోసం చేసింది, సన్నని తూటా. "తీస్కో లింబన్నా, పోరడు పేల్చినా చెయ్యి అదరది" అని నా రూమ్‌లో ఉండే మల్లేశం ఒకటే పోరు.

డబ్బా పెట్టి పేల్చాను. నిజంగానే అదరలేదు. గడ్డపారతో రాయిని కొట్టినా భుజానికి తెలుస్తుంది కదన్నా, ఇది డబ్బాకు చిల్లు పెట్టినా నా చేతికి తెలియలేదు. నిన్న పండగకు గడ్డపారలకు, తాపీలకు బొట్లు పెట్టాం. దీని దగ్గరికి వచ్చేసరికి వేలు ముందుకు పోలేదు.

తిరిగి ఇచ్చేస్తాను. డ్యూటీ తలుచుకుంటే మళ్ళీ ఉంచుకోవాలనిపిస్తోంది, అందుకే ఇవాళే ఇచ్చేస్తాను.

సెలవుకు వచ్చిన మా కంపెనీ పెద్దులు తిరిగి బయలుదేరేటప్పుడు నా డ్యూటీకి బాపు పొన్నుకర్ర అతని చేతికిచ్చి పంపు. బర్రె ఈనిందా? నీ మరదలు గౌరవ్వకు ఈ కార్డు చదివి వినిపించేటప్పుడు పిస్తోలు మాట దాటేయి. పిల్లలు చల్లగా ఉండాలి.

అక్షరాలు వంకరపోయాయని తిట్టకు. పేల్చినప్పుడు అదరని చెయ్యి ఇప్పుడు అదురుతోంది.