తమ్ముని కాలు

28 జూలై, సోమవారం

తమ్ముణ్ణి ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి తీసుకపోయినాను. ఎడమ పాదం అడుగున షుగర్ పుండు, రూపాయి బిళ్ళంత. నాలుగు నెలలుగా మానదు. డాక్టరమ్మ హేమలత వాని చేతి నుంచే రక్తం తీసి మిషన్లో తిప్పింది. పైకి తేలిన పసుపుపచ్చదాన్ని జెల్ చేసి పుండులో నింపింది. దాంతో లోపల కొత్త రక్తనాళాలు మొలుస్తాయంట.

మజ్జిగ మాదిరి నా రక్తం చిలికి వెన్న నాకే పెట్టినారు కదక్కా, అని తమ్ముడు మార్కండేయులు నవ్వినాడు.

నేను నవ్వలేదు.

అదే రోజు, సాయంత్రం

మూడేళ్ళ కింద చెల్లెలు సునందకూ ఇదే పుండు. ఆదోనికి తీసుకపోదాం రా అని మార్కండేయులుతో అన్నాను. పెండ్లి చీరలు మగ్గం మీదుండాయి, ఇప్పుడు అది నేత వదిలేస్తే ఎట్లక్కా అన్నాడు. పసుపు పెట్టించి దాన్ని మగ్గంలోనే కూచోబెట్టినాడు. వాడు నా మాట కాదన్నది ఆ ఒక్కసారే. దాని కాలు మోకాలి కిందికి కోసేసినారు. నెల తిరగకముందే పోయింది.

వీని పుండుకు మాత్రం మిషన్ వచ్చింది.

4 ఆగస్టు, సోమవారం

వారమంతా జ్వరంతో వాడు మంచం దిగలేదు. కాలికి అదే మేలయింది. కట్టు విప్పితే పుండు అడుగున దానిమ్మ గింజల మాదిరి ఎరుపు. అవన్నీ కొత్త నాళాలేనంట. రెండోసారి జెల్ పెట్టినారు.

వాడు తలుపు దగ్గర చెప్పులు వెతుక్కుంటాంటే డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. ఆ నాళాలు వెంట్రుక కంటే సన్నంగా ఉంటాయమ్మా, ఈ వారం ఆ కాలు అదిమితే తెగిపోతాయి, మగ్గం మాత్రం ఎక్కనివ్వకండి, మగవాళ్ళకు చెబితే తలూపి పోతారు, అందుకే మీకు చెబుతున్నా, అనింది.

సరేనన్నాను.

బస్సులో వాడు, ఏం చెప్పిందక్కా అన్నాడు. బాగా మానుతాందంట అన్నాను. అదీ నిజమే.

5 ఆగస్టు

చెప్పలేదు.

7 ఆగస్టు, గురువారం

జంధ్యాల పున్నమికి మా వీధివాళ్ళు ఒక్క పగటిలో గుళ్ళో స్వామికి పంచె నేసి ఇవ్వాల. ఏటా ఒక ఇంటి వంతు. ఈ ఏడు మాది. ఇంటి మగమనిషే గుంట మగ్గంలో దిగి నేయాల, ఇంకొకరు కాలు పెట్టకూడదు.

ఈ కాలితో మగ్గం కింది చెక్కలు యాడ తొక్కుతావు, అంగట్లో కొనిస్తే స్వామి కట్టుకోనంటాడా, అని మరదలు మల్లేశ్వరి ఎగతాళి చేసింది. వాడు నా దిక్కు చూసినాడు. నొప్పయితే లేదు, నువ్వే చెప్పక్కా, అన్నాడు. నొప్పి తెలియకపోవడమే ఆ జబ్బు.

చిన్నప్పటి నుంచి వాని ప్రతి పనికీ అవుననో కాదనో చెప్పినదాన్ని. నీ ఇష్టం నాయనా, అన్నాను.

తర్వాత సహస్రనామం చదివినాను. ఒక్క నామం తడబడలేదు.

9 ఆగస్టు, పున్నమి

పొద్దున రాఖీ కట్టినాను. వాడు కొత్త జంధ్యం వేసుకుని గుంటలో దిగినాడు.

నేను దేవుని ముందర కూచుని వింటాండాను. చెక్క దిగేది, లేచేది. దిగేది, లేచేది. దిగినప్పుడల్లా సునందా అనుకున్నాను. మధ్యాహ్నం శబ్దం ఒకసారి ఆగింది. లేచిపోయి చూడలేదు. మళ్ళీ మొదలయింది.

దీపాల వేళకు నేత ముగించి మగ్గం మీద నుంచి పంచె కోసినాడు. గుంటలో నుంచి కాలు పైకి తీస్తే కట్టంతా ఎర్రగా తడిసిపోయింది. మల్లేశ్వరి కేక పెట్టింది. పంచెకు ఒక్క మరక అంటలేదు.

11 ఆగస్టు, సోమవారం

డాక్టరమ్మ కట్టు విప్పింది. చీము. బొటనవేలు నల్లబడింది, తీసేయాల్సిందే.

మగ్గం ఎక్కద్దని ఇంట్లో ఎవరూ చెప్పలేదా అని వాణ్ణి గద్దించింది. అక్క వందసార్లు చెప్పింది, నేనే వినలేదు, అన్నాడు. నా మొగం చూస్తానే అన్నాడు.

డాక్టరమ్మ నాకు చెప్పిన పొద్దు వాడు తలుపు దగ్గరే ఉన్నాడు కదా. అంతా విన్నాడు. తెలిసే దిగినాడు, తెలిసే తొక్కినాడు.

అయితే ఇది నేను చేసింది కాదు. సునంద బాకీ తీర్చుకున్నాననేదీ నాకు దక్కనివ్వలేదు.

14 ఆగస్టు

వేలు పోయింది. పాదం నిలవాలంటే మళ్ళీ జెల్ పెట్టాలంట. వాని రక్తంలో ఆ జెల్‌కు కావాల్సిన ప్లేట్‌లెట్లు పడిపోయినాయి, గ్రూపు కలిసిన రక్తం కావాలంట, తోబుట్టువుదయితే మేలంట. మా ఇద్దరిదీ ఒకటే గ్రూపు.

అక్కది మాత్రం వద్దు, కాలు పోతే పోనీ, అని వాడు డాక్టరమ్మ చేతులు పట్టుకున్నాడు.

నేను రవిక చేయి పైకి జరిపి బల్ల మీద చెయ్యి చాపినాను.