కారా, విమానమా

7 ఏప్రిల్ 1957, ఆదివారం

రమణమూర్తి విశాఖపట్నం నించి వచ్చాడు, కోడలినీ మనవరాలినీ తీసుకుని. భోజనాల దగ్గర వాడిది ఒకటే పాట, విమానం.

వేసవి సెలవుల్లో అందరం కలిసి కాశీ వెళ్దామని ఉగాదినాడు నేనే అన్నాను. నాకు కోర్టు ఉండదు, వాడికి పోర్టు ఆఫీసులో లీవు ఉంది, మనవరాలు చిన్నమ్మికి బడి లేదు. అంతవరకూ పేచీ లేదు. నా ఉద్దేశం కారు. విశాఖపట్నంలో విమానం ఎక్కితే మధ్యాహ్నానికల్లా కలకత్తాలో ఉంటామట, అక్కణ్ణించి రైలట. కారులో వెళ్తే కాశీ చేరేసరికి మీకు నడుం మిగలదు నాన్నగారూ అన్నాడు. నా నడుం సంగతి వాడికెందుకు? కోడలు లక్ష్మీసుందరి పక్కకి తిరిగి నవ్వింది. చూశాను.

మరి కారు ఎందుకు కొన్నానట? కోర్టు మా వీధి చివర్నే ఉంది. ప్లీడరీ మొదలెట్టిన నాటినించీ నడిచే వెళ్తున్నాను. ఈ వయసులో కారు షోకేమిటని బార్ రూంలో నవ్వుకున్నారు. నవ్వుకోనీ.

అసలు సంగతి రమణమూర్తికి తెలియదు. ఫిబ్రవరిలో మా ఆవిడ కనకవల్లి కళ్ళు చూసి డాక్టరు చెప్పింది మా ఇద్దరికే తెలుసు. గ్లాకోమా. ఎడమ కన్ను పోయినట్టే. కుడి కన్ను ఇంకో ఏడాది ఉంటే ఉన్నట్టు. చుక్కల మందు వేస్తే నెమ్మదిస్తుంది గానీ పోయింది తిరిగి రాదు. పిల్లలతో అనకండి అని ఆవిడ నాచేత ఒట్టు వేయించుకుంది.

పెళ్ళయి వచ్చిన దగ్గర్నించి ఈ చోడవరంలో వంటింటి కిటికీలోంచి చెరుకు బళ్ళు చూసింది. మహా అయితే సింహాచలం, అరసవల్లి. నేనేమో వాయిదాలని, క్లయింట్లని తిరిగాను. చూపు పోయేలోపల ఆవిడకి దేశం చూపించాలి. విమానంలో ఏం చూస్తుంది, మబ్బులా?

9 ఏప్రిల్

కారా, విమానమా అని ఆవిడనే అడిగాను. మీ ఇష్టం అంది. కాపరానికి వచ్చాక ఈ మాట ఆవిడ నోట వినడం ఇదే మొదలు.

12 ఏప్రిల్, శుక్రవారం

సాయంత్రం డ్రైవరు పరదేశిని కూర్చోబెట్టి రూటు మాట్లాడాను. వాడు లారీలు తోలినవాడు, కటకం దాకా దారి ఎరిగినవాడు. అక్కడ నదులకి రోడ్డు వంతెనలు లేవుట, కారుని పంటు మీదికెక్కించి దాటించాలిట. అదొక వేడుక అనుకున్నాను.

విమానం మాట ఎత్తితే వాడికి ఒళ్ళు మండింది. ఇమానమేటి బాబూ, ఆగమంటే ఆగుద్దా? కారయితే ఎక్కడ సెప్తే అక్కడ ఆపుతాను, అమ్మగారు దిగుతారు, సెట్టుకింద కాపీ తాగుతారు, సూడాల్సింది సూస్తారు, మళ్ళీ ఎక్కుతారు అన్నాడు. ఈ ఆర్గ్యుమెంటు నాకు తట్టనే లేదు. వాడు ప్లీడరయి ఉంటే నా ప్రాక్టీసు ఏమయ్యేదో.

కనకవల్లి గుమ్మంలో నిలబడి అంతా వింది. లోపలికి వెళ్ళిపోయింది.

16 ఏప్రిల్, మంగళవారం

ఇంట్లో గొడవ. తప్పు నాది కాదు.

మ్యాపు పరుచుకోడానికి నా రాత బల్లని హాల్లోకి లాగించాను. ఆవిడ మజ్జిగ చెంబుతో వచ్చి నేరుగా బల్లకి గుద్దుకుంది. మజ్జిగంతా మ్యాపు మీద. కనిపించలేదా అని కసిరాను. కనిపించింది, చూసుకోలేదు అంది. తర్వాత ఒక్కసారిగా గొంతు పెంచింది. ఈ ఇంట్లో నాకు చెప్పకుండా పుల్ల కూడా కదపడానికి వీల్లేదు అంది. అంట్లు తోముతున్న పైడితల్లి చెయ్యి ఆపి మరీ విన్నది. పనిమనిషి ముందు నాకు తల కొట్టేసినట్టయింది.

బల్ల మళ్ళీ గదిలోకి పోయింది. బరంపురం దగ్గర మ్యాపుకి మరక పడింది.

21 ఏప్రిల్, ఆదివారం

ఇవాళ తేల్చాలన్నాడు రమణమూర్తి. సీట్లకి ఆలస్యం చేస్తే దొరకవట. నేను ముందే అనుకున్నాను, ఎలాగూ కనకవల్లి నా పక్షమే అని. రోడ్డు మీద ఏమేం వస్తాయో రోజూ చెబుతూనే ఉన్నానుగా. శ్రీకూర్మం, కొండలు, సముద్రం పక్కనించి దారి, పూరీ.

విమానం అంది.

నేను పొరపాటున విన్నానేమో అనుకున్నాను. విమానమే, అన్ని రోజులు ఆ దుమ్ములో ఎవరు పడతారు, నావల్ల కాదు అంది. రమణమూర్తి నోరెళ్ళబెట్టాడు. చిన్నమ్మి గంతులేసింది. నేను లేచి వీధిలోకి పోయాను. కారు అరుగు పక్కన ఎండలో నిలబడి ఉంది. దాన్ని చూస్తే ఏడుపొచ్చింది. ఎవరికోసం కొన్నాను? వాళ్ళందరి ముందూ ఆ మాట అనడానికి లేకుండా ఒట్టొకటి.

అంత నేరం నేనేం చేశాను?

22 ఏప్రిల్

మాట్లాడలేదు. ఆవిడా మాట్లాడలేదు. వేళకి కళ్ళలో చుక్కలు మాత్రం వేశాను.

27 ఏప్రిల్, శనివారం

టిక్కెట్లు వచ్చాయి. ఆరో తారీకు, సోమవారం. సోమవారం తూర్పుకి శూల, ఆ దిక్కు ప్రయాణం పనికిరాదు! నా కొడుక్కి ఇంగ్లీషు తారీకులే గానీ వారాలు తెలియవు. మార్చమంటే కుదరదన్నాడు.

మా ఇళ్ళలో దీనికి ఉపాయం ఉండనే ఉంది. ముందుగా ఒక మంచిరోజు చూసి, వెళ్ళే మనిషికొక్క బట్ట చొప్పున మూటకట్టి, పసుపూ అక్షింతలూ వేసి, వెళ్ళే దిక్కున ఉన్న ఇంట్లో పెట్టి రావాలి. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే, తర్వాత ఏ వారమైతేనేం. పరస్థానం అంటారు. శుక్రవారం పెడదామని కనకవల్లే అంది. తూర్పున ఎదురిల్లు రాజ్యానిది. వాళ్ళు చెరుకు రైతులు, మా ఇంటికి మంచీ చెడ్డా వాళ్ళే.

విమానం వాళ్ళు మనుషుల్ని కూడా కాటా ఎక్కిస్తారు, పరస్థానం మూట తూకంలో వేస్తారో మానేస్తారో అన్నాడు రమణమూర్తి. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

3 మే, శుక్రవారం

పరస్థానం పెట్టారు. కోడలు సాయం వస్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు. ట్రంకు పెట్టె ముందు కూర్చుని, తలుపు దగ్గరగా వేసుకుని, తనే కట్టింది. చిన్నమ్మి చెయ్యి పట్టుకుని వీధి దాటింది. నేను పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

4 మే, శనివారం, ఉదయం

దేవుడా.

పొద్దున్నే రాజ్యం వాళ్ళ వీధి గుమ్మంలోంచి చెయ్యి ఊపింది. ఒక్కరే రండి బాబూ అంది. వెళ్ళాను. పరస్థానం మూట పీట మీద ఉంది, ముడి ఊడి ఉంది. నాను ఇప్పలేదు బాబూ, పిల్లి లాగీసింది, మల్లీ కడదామని సూస్తే ఇది అంది. చేత్తో చూపించడానికి కూడా జంకింది. ముత్తయిదువు కట్టిన మూటలో ఇదేటి బాబూ, అమ్మగారు ఎలాగెట్టేరు అని ఏడుపు మొహం పెట్టింది.

నా పంచె ఉంది. రమణమూర్తి ఉత్తరీయం, కోడలి రవికెగుడ్డ, చిన్నమ్మి గౌను. కనకవల్లి చీర ఉండవలసిన చోట మా అమ్మ తెల్లచీర.

మా నాన్న పోయాక అమ్మ పన్నెండేళ్ళు కట్టిన చీరల్లో అదొకటి. అమ్మ గుర్తుగా ఆవిడే ట్రంకు అడుగున దాచింది. పొందూరు నేత. కాశీకి కట్టుకుందామని ఆవిడ తెప్పించుకున్న పసుపు చీర కూడా పొందూరు నేతే. ఆ నూలే, ఆ బరువే. అంచు లేదు రెండింటికీ.

నాకు ముందు భయం వేసింది. శకునాలూ గికునాలూ అని కోర్టులో వేళాకోళం చేసే మనిషికి. కోపం కూడా వచ్చింది. తర్వాత తెలిసింది. పేరంటానికి వెళ్తే కుంకం భరిణె రెండుసార్లు చూసుకునే మనిషి, ఈ చీరని తన ప్రయాణపు మూటలో పెడుతుందా? ప్రాణం పోయినా పెట్టదు. పట్టపగలు, కిటికీ పక్కన కూర్చుని, తెలుపేదో పసుపేదో తెలియక పెట్టింది. చేతులతో తడిమి పెట్టింది.

ఏడాది ఉందన్నాడు డాక్టరు. ఏడాది లేదు. ఏమీ లేదు.

బల్ల ఎందుకు కనిపించలేదో తెలిసింది. పుల్ల కూడా కదపొద్దని ఎందుకు అరిచిందో తెలిసింది. చిన్నమ్మి సెలవులకి వచ్చిన దగ్గర్నించీ సాయంత్రాలు భాగవతం దాని చేత చదివించుకుంటుంటే మనవరాలి మీద ముద్దు అనుకున్నాను. నేను పక్కనే ఉన్నాను. రోజుకి రెండుసార్లు ఆ కళ్ళు విప్పి మందు వేశాను. నాకేం కనిపించింది?

ఎవరితోనూ అనొద్దని రాజ్యంతో చెప్పాను. అంటానా బాబూ, నా పిల్లల మీద ఒట్టు అంది.

తెల్లచీర కండువాలో చుట్టుకుని ఇంటికి వచ్చాను. ట్రంకు తెరిచి పసుపు చీర తీశాను. వంటింట్లోంచి ఏం వెతుకుతున్నారు అంది. కళ్ళజోడు అన్నాను. అది నా ముక్కు మీదే ఉంది. చెప్తే గానీ ఆవిడకి తెలియదు. పసుపు చీర రాజ్యం ఇంట్లో మూటలో పెట్టి, నా చేత్తో ముడి వేశాను.

అదేరోజు, మధ్యాహ్నం

పిల్లలు పడుకున్నాక అడిగాను. ఎప్పట్నించి అన్నాను. ఎప్పట్నించేమిటి అంది. చూపు అన్నాను. ఉగాదికి ముందునించి అంది. వెలుగూ నీడా తెలుస్తాయట, అంతే.

ఎలా తెలిసిందని అడిగింది. బల్ల తగిలినప్పుడే అనుమానం వచ్చిందన్నాను. చీర సంగతి చెప్పలేదు, చెప్పను. తన చేత్తో అలాంటి పని జరిగిందని తెలిస్తే కాశీ వద్దంటుంది, అన్నం మానేస్తుంది, నాకు జ్వరం వచ్చినా తనవల్లే అంటుంది.

నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను. నాకు చూపించాలని కారు కొన్నారు, మ్యాపు పరుచుకుని చిన్నపిల్లాడిలా మురిసిపోతున్నారు, ఏమని చెప్పను అంది.

మరి కారులో రానన్నావేం అన్నాను.

దానికి ఆవిడ చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. కారులో అయితే దారి పొడుగునా అదిగో అది చూడు, ఇదిగో ఇది చూడు అని మీరు చూపిస్తూనే ఉంటారు. నేను అన్ని రోజులూ ఆహా, ఓహో అంటూ అబద్ధాలాడాలి. ఎక్కడో ఒకచోట దొరికిపోతాను, అప్పుడు మీ మొహం ఎలా ఉంటుందో కూడా నాకు కనిపించదు. విమానంలో కిటికీలోంచి ఎవరికీ ఏమీ కనబడదట. అక్కడ అందరికీ ఒకటే. పైగా గంటల్లో అయిపోతుంది.

కోర్టులో ఎన్ని చావులు, ఎన్ని జప్తులు చూశాను. ఎన్నడూ కళ్ళు తడవలేదు. ఇవాళ ఏడ్చాను. ఆవిడకి కనిపించదు కదా అని చప్పుడు లేకుండా ఏడ్చాను. ఆవిడ చెయ్యి చాపి నా మొహం తుడిచింది.

చూడ్డాలు చూపించడాలు లేవనుకో, నీకు దేని మీద వెళ్ళాలనుంది అని అడిగాను. ఆలోచించింది. కారే అంది. గాలి తగులుతుంది, ఎక్కడ పడితే అక్కడ దిగొచ్చు, ఊరూరికీ మాటలు మారుతుంటే వినొచ్చు అంది. కానీ రెండు షరతులు. తిరిగొచ్చేదాకా పిల్లలకి తెలియకూడదు. దారిలో ఉన్నది నాకు చెప్పండి, కోర్టులో చెప్పినట్టు చెప్పకండి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి, చెత్త ఉంటే చెత్తే చెప్పండి అంది.

సరేనన్నాను.

అదేరోజు, సాయంత్రం

రమణమూర్తి అగ్గి మీద గుగ్గిలం. టిక్కెట్లు వచ్చాక ఇదేం మొండితనమన్నాడు. మీ కారు సరదాకి అమ్మని చంపుతారా అన్నాడు. లక్ష్మీసుందరి నాకేసి చూడను కూడా లేదు. చిన్నమ్మి ఏడ్చింది. మీరు ముగ్గురూ సోమవారం విమానంలో పొండి, మేమిద్దరం రేపే బయల్దేరి మెల్లిగా వస్తాం, కాశీలో కలుద్దాం అన్నాను. నాన్నగారికి ఎప్పుడూ తన పంతమే అన్నాడు వాడు.

అవునన్నాను. వాణ్ణి అలాగే అనుకోనీ.

5 మే, ఆదివారం, తెల్లవారుజాము

రాజ్యం మూట తెచ్చి కారులో తనే పెట్టింది. ఆవిడకి బొట్టు పెట్టింది. పరదేశి బయల్దేరమంటారా అంటున్నాడు.

6 మే

ఊరు పేరు తెలియదు. టైరు పంక్చరయింది. పరదేశి విప్పుతున్నాడు. ఆవిడ మైలురాయి మీద కూర్చుంది.

చెప్పాను. ఎండిపోయిన చేను. ఒక ముసలాడు గేదెని తిడుతున్నాడు. గోడ మీద ఎలక్షను రాతలు, సగం చెరిగాయి. చెప్పుకోదగ్గదేమీ లేదు అన్నాను.

ఇంకా చెప్పండి అంది.