వెలుగు అంచున

అత్తయ్యకు,

మీ ఉత్తరం అందింది. మీరు పెట్టి మాకు అప్పగించి వెళ్ళిన ఫొటో స్టూడియోకి, ఫ్లాష్ ముందు తెల్ల తెరలా నిలిచి వెలుగును మెత్తబరిచే పెద్ద సాఫ్ట్‌బాక్స్ కొనిస్తానన్నారు. ఏది కావాలో అన్నయ్యను కాకుండా నన్ను అడిగారు. చదివాక ఉత్తరాన్ని మడిచి, చదువుతున్న పుస్తకంలో పెట్టుకున్నాను.

అన్నయ్యకు ఏడడుగులది కావాలి. కుటుంబం మొత్తాన్ని దాని ముందు కూర్చోబెట్టొచ్చు, ముసలివాళ్ళ ముడతలు కూడా మెత్తబడతాయి అంటాడు. నిజమే. తెర ఎంత పెద్దదైతే, మనిషికి ఎంత దగ్గరగా ఉంటే, నీడలు అంత మెత్తగా పడతాయని మీరే నేర్పారు. కానీ మన గది కప్పు ఎత్తు మీకు తెలుసు. ఏడడుగులదాన్ని పైకి లేపితే పంకా రెక్కలకు తగులుతుంది, దించితే నేలను వెలిగిస్తుంది. బయటి పనులకు మేడమెట్లు ఎక్కించాలి. ఆరుబయట గాలి వీస్తే అది తెరచాపే. నాకు ఐదడుగులది చాలు. ఎనిమిది పలకలది, గొడుగులా తెరుచుకునేది. దగ్గరగా పెడితే ఒకరిద్దరికి సరిపోతుంది. కుటుంబమైతే వెనక్కి జరిపి, నీడ పడే వైపు వెలుగును తిప్పికొట్టేలా ఒక తెల్ల అట్ట నిలబెట్టుకోవచ్చు.

ఇవన్నీ అన్నయ్యకూ చెప్పాను.

"ఏడడుగులది ఒక్కరే విప్పలేరు," అన్నాను చివరికి.

"ఒక్కరెందుకు? పట్టుకోవడానికి నువ్వున్నావుగా, పురుగూ." నేను పుస్తకాలు వదలనని వాడు పెట్టిన పేరు అది.

"నేను లేకపోతే?"

"ఎక్కడికెళ్తావే? లైబ్రరీకా? సాయంత్రానికి వచ్చేస్తావులే."

నేనూ నవ్వాను. ఇప్పుడు రాసేది మాత్రం ఎవరికీ చెప్పలేదు. పాత బాక్స్ మెడ దగ్గర మర అరిగిపోయింది, ఎంత బిగించినా ముందుకు వాలిపోతుంది. అందుకని అన్నయ్య ఫొటో తీస్తున్నంతసేపూ నేను దాని అంచు పట్టుకుని నిలబడతాను. ఎదుట కూర్చున్నవాళ్ళ కళ్ళలో ఆ బాక్స్ తెల్లటి చుక్కగా పడుతుంది. కంటికి ప్రాణం వచ్చేది ఆ చుక్కతోనే. ఫొటోను కంప్యూటర్లో బాగా పెద్దది చేస్తే, చుక్క అంచున చిన్న నల్లటి గాటు కనిపిస్తుంది, ఎలుక కొరికినట్టు. అది నా తల, నా భుజం. మన స్టూడియోకి వచ్చిన డాక్టరుగారి కళ్ళలో, పెళ్ళికూతురి కళ్ళలో, ఉద్యోగానికి ఫొటో తీయించుకున్న లాయరు కళ్ళలో నేనున్నాను.

అన్నయ్య ప్రతిసారీ దాన్ని చెరిపేస్తాడు. "ముందు ఈ చెత్త తీసేద్దాం" అంటూ పని మొదలుపెట్టేదే దానితో. నేను పక్క కుర్చీలో కూర్చుని చూస్తూ ఉంటాను. కోపమని చెప్పలేను. రోజూ మనం కూర్చునే కుర్చీని మన కళ్ళెదుటే ఎవరో అటకెక్కిస్తుంటే, అడ్డు చెప్పలేక నిలబడినట్టు ఉంటుంది.

నేను చదివిన కాన్వెంటులో పెద్ద సిస్టర్ పదవి దిగిపోతున్నారు. హాల్లో పెట్టడానికి ఆవిడ ఫొటో తీయమని కబురు చేశారు. స్టూడియోకి కాదు, నాకు. ఒప్పుకున్నాను. అన్నయ్యకు చెప్పలేదు. అది బాగా వస్తే స్టూడియో మానేసి విడిగా పని చేసుకుంటాను. అందుకే ఒక్క మనిషి విప్పి నిలబెట్టుకోగలిగింది కావాలి. అంచున ఎవరూ నిలబడనక్కర్లేనిది.

మీ
పురుగు

*

అత్తయ్యా,

ఐదడుగులది క్షేమంగా చేరింది. అన్నయ్య దాని చుట్టూ తిరిగి, "గదికి పర్లేదులే" అన్నాడు. వాడి నోట అంతకన్నా పొగడ్త రాదు.

సిస్టర్ ఫొటో అయింది. ఎలా అయిందో రాస్తాను.

బాక్స్‌ను ఫ్లాష్‌కు కలిపే రింగు ఉంటుంది కదా. ఇంట్లో స్టూడియో ఫ్లాష్‌కు తగిలించి చూసుకున్నాను, బాగానే కూర్చుంది. కాన్వెంటు వరండాలో ప్లగ్గు లేదని బ్యాటరీ ఫ్లాష్ పట్టుకెళ్ళాను. దాని మూతి వేరని, ఈ రింగు దానికి పట్టదని అక్కడ విప్పాకే గుర్తొచ్చింది. సిస్టర్ కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. "తొందరేం లేదమ్మా, నాకిప్పుడు వేరే పనేముంది" అన్నారు. ఆ మాట ఇంకా భయపెట్టింది. అన్నయ్యకు ఫోన్ చేశాను.

"లైబ్రరీ అన్నావుగా?"

"కాదు."

ఏ ఫ్లాష్ పట్టుకెళ్ళావని మాత్రం అడిగాడు. తర్వాత దానికి సరిపోయే రెండో రింగు తీసుకుని వచ్చాడు.

"చొక్కా తొడుక్కుని బొత్తాలు ఇంట్లో మర్చిపోయినట్టుంది నీ పని," అన్నాడు.

"ఈ అబ్బాయి నీ అసిస్టెంటా?" అని సిస్టర్ అడిగారు.

వాడు నావైపు చూశాడు. "అవును సిస్టర్."

అంతలో గాలి లేచింది. ఇసుక సంచులు స్టాండు కాళ్ళను ఆపాయి గానీ తలను ఆపలేదు, బాక్స్ గిర్రున తిరగబోయింది. అన్నయ్య వెళ్ళి అంచు పట్టుకున్నాడు.

"కాస్త ఎడమకి," అన్నాను.

"ఇలాగా?"

"నీ ఎడమ కాదు, నా ఎడమ."

"ఇంకెంతసేపే? భుజాలు లాగేస్తున్నాయి."

"కదలకు. తెర ఊగుతోంది." ఇన్నాళ్ళూ వాడు నాతో అన్న మాటే అది. వాడికీ గుర్తొచ్చినట్టుంది, అంచును ఇంకాస్త బిగించి పట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక అలవాటు ప్రకారం కంప్యూటర్ ముందు వాడే కూర్చుని, సిస్టర్ కన్ను పెద్దది చేశాడు. "ముందు ఈ చెత్త..."

"ఉండనీ," అన్నాను.

"స్టాండు కనిపిస్తుందే."

"స్టాండు కాదు. నువ్వు."

ముందుకు వంగి చూశాడు. తల, ఎత్తిన మోచెయ్యి స్పష్టంగానే ఉన్నాయి. చాలాసేపు చూశాడు.

"మరి మన ఫొటోల్లో?"

"నేను."

"స్టాండనుకున్నానే," అన్నాడు. "ఎప్పుడూ స్టాండే అనుకున్నాను. చెప్పొచ్చుగా?"

వాడు చూడలేదు. నేను చెప్పలేదు. తప్పులో ఎవరిది ఎంత పాలో తేల్చడం నా వల్ల కాలేదు.

వాడు లేచి కుర్చీ నావైపు తోశాడు. "నీ ఫొటో. నువ్వే కూర్చో."

అప్పుడు మానేస్తానన్న సంగతీ చెప్పేశాను. పాత స్టాండు మర తిప్పుతూ విన్నాడు. "నీకొచ్చిన పనులు నువ్వు తియ్యి, నేను పట్టుకుంటా. నావాటికి నువ్వు పట్టుకో. ఎవరు తీస్తే వాళ్ళ పేరు," అన్నాడు. బేరంలా ఉంది. ఒప్పుకున్నాను. సిస్టర్ ఫొటోను గాటుతోనే ఇచ్చాం.

ఒక్క విషయం అడగాలి. మీరు తీసిన అమ్మ ఫొటో మా ముందుగదిలో ఉంది కదా. నిన్న భూతద్దం పెట్టి చూశాను. అమ్మ కంట్లో తెల్ల చుక్క, దాని అంచున ఒక గాటు. మీరు దాన్ని చెరపలేదు. పొడుగు మనిషి, కాస్త వంగి ఉన్నాడు. ఫొటోల పని తనకు పట్టదనేవాడు నాన్న. పట్టుకున్నది నాన్నేనా? రాయండి.

మీ
మేనకోడలు