భూపేష్‌కు పెట్టే బొమ్మ

బద్వేలు,
ఆగస్టు 24, 2025

ప్రియమైన లేవి నాయనకు,

నువ్వు బాగుండావా? కోడలు మధులతకు నడుమునొప్పి తగ్గిందా? బిందెలు ఎత్తనీవద్దు. పిల్లోడు శామ్‌కు జలుబంటివి, నీళ్లు కాంచి తాపండి. మీ అమ్మకు షుగరు ఎంత ఉండాది? ఈడ మీ పెద్దనాయన ఆయాసపడతానే అంగడికి పోతాండాడు. చెప్తే వినడు. నాకు చెవులు పూర్తిగా పోయినాయి, ఫోన్ చేసినా లాభం లేదు. అందుకే రాస్తాండా. తప్పులుంటే నవ్వొద్దు.

నాయనా, ఒక దిగులు పట్టుకుంది. పెద్దల అమావాస్యకు పోయినోళ్లకు కొత్తగుడ్డలు పెడతాం గదా. మా భూపేష్ రెండో తరగతిలోనే పాయ. చిన్నపిల్లోళ్లకు పెట్టేది లేదంటాడు పూజారి స్వామి. నేను వినను. ఏటా వాని బొమ్మను ఒక మూల పీటమీద పెట్టి, ముందర ఇంత పాయసం పెడతా. మన అంగట్లో అట్టకు తగిలించి అమ్మినాం చూడు, వీపున మీట నొక్కితే కత్తి ఎత్తే పచ్చబొమ్మ, అది. మొన్న పెట్టె తీస్తే నా చేతిలోనే పెళపెళ విరిగిపాయ. ప్లాస్టిక్కుకు కూడా ముసలితనం వస్తాదంట! మీ పెద్దనాయన కడపలో అడిగితే, "అట్లాంటివి ఎప్పుడొచ్చినాయి పెద్దాయనా?" అని నవ్వినారంట.

మీరు మా పక్కింట్లో ఉండినప్పుడు నీ దగ్గర కూడా ఒకటి ఉండేది గదా. ఉంటే పంపు. ఉత్త పీట పెడితే, అమ్మ నన్ను మరిచిపోయిందనుకుంటాడేమో వాడు.

మీ పెద్దమ్మ,
వెంకటలక్ష్మమ్మ

కర్నూలు,
సెప్టెంబరు 3

ప్రియమైన పెద్దమ్మా,

అందరం బాగుండాం. నీళ్లు కాంచే తాగుతాండాం, దిగులు పడొద్దు.

ఊరంతా వెతికినా, ఫోన్లోనూ వెతికినా. అట్టమీద "వీరదళం" అని ఎర్రక్షరాలుండేవి. ఇప్పుడు ఆ పేరే ఎవరికీ తెలీదు. ఒక అంగడాయన అయితే "కలగన్నారేమో సార్" అన్నాడు.

కల కాదు పెద్దమ్మా. వీరుడు ఎప్పుడూ భూపేష్‌దే, నల్లముసుగు దొంగ నాది. "ఒక్కసారన్నా నన్ను గెలవనీరా" అంటే, "దొంగ గెలిస్తే ఇంక ఆట యాడుంటాదిరా మొద్దూ" అనేటోడు.

నా బొమ్మ నా దగ్గర లేదు. ఆ పొద్దు వాన్ని పూడ్చేకి ఎత్తుకుపోతాంటే, మా నాయన చేయి పట్టుకొని నేనూ వచ్చినా. ఎవరూ చూడకుండా ఆ దొంగను వాని జేబులో పెట్టినా. ఆడ వానితో పోట్లాడేకి ఎవడో ఒకడు ఉండల్ల గదా అనుకున్న్యా. చెప్తే నువ్వు ఏడుస్తావని ఇన్నాళ్లూ చెప్పలేదు.

నీ కొడుకులాంటి,
లేవి

బద్వేలు,
సెప్టెంబరు 9

ప్రియమైన లేవీ,

నీ జాబు కూడబలుక్కొని చదివితి. మన్నులో వాడు ఆ దొంగబొమ్మతో ఒక్కడే ఉండాడే, వీరున్ని నేను పెట్టెలో దాచుకుంటినే అని ఒకటే ఏడుపు. అన్నం సయించలేదు.

జాబు మీ పెద్దనాయన చేతికిచ్చినా. పిల్లోడు పోయినప్పట్నుంచి వాని పేరు ఎత్తని మనిషి. చదివి, అంగడి షట్టరు సగానికి దించి, గల్లాపెట్టె మీద తల వాల్చినాడు. నాకు వినపడలేదు గాని, భుజాలు అదురుతాండె. శానాసేపటికి పొట్లాం కాగితం మీద రాసి చూపించినాడు: "భూపేష్‌కు ఆడుకునేకి ఉండాది లే. వాడిప్పుడు మన లేవి అంత ఉంటాడు. అంగీ పెడదాం."

నిజమే గదా నాయనా. నలభై దాటినోనికి బొమ్మ పెడితే నలుగురిలో ఎంత సిగ్గుపడతాండెనో, పాపం.

నీ కొలత రాసి పంపమందామనుకుంటి. కాగితం కొలత తప్పితే? అంగీ వానికి బిగుతయితే? నువ్వే రా. టైలరు దేవేంద్రప్ప నీమీద కొలిచి సాయంత్రానికి కుట్టి ఇస్తానన్నాడు. రంగు కూడా నువ్వే చెప్పల్ల. పెట్టినాక దాన్ని ఇంటి మనిషి తొడుక్కోవల్ల. నువ్వు తొడుక్కుంటావా? మీ పాస్టరు ఏమన్నా అంటే వద్దులే, మడిచి దాచిపెడతా. పెద్దలకు పెట్టింది మీరు తినరు గదా, నీ అన్నం మాత్రం పీట ముందర పెట్టకముందే వేరే తీసిపెడతా, ఆ భయం పెట్టుకోవద్దు.

అమావాస్య ఆదివారం పడింది, నీకు చర్చి ఉంటాది. అందుకే ముందునాడే రా, ఆదివారం ఈడి చర్చికే పోయి అన్నానికి ఇంటికొద్దువు. బస్సు కిటికీలోంచి చేయి బయట పెట్టొద్దు. సెప్టెంబరు ఇరవై, శనివారం, పొద్దున బండికి.

నీకోసం వాకిట్లో కూర్చోనుండే
మీ పెద్దమ్మ