మెషిన్ కూయని చోటు

పిచ్చుకా,

నా చేతిరాత చూడగానే కవరు చించి పారేస్తావేమోనని పైన అడ్రసు మీ వదిన చేత రాయించాను. ఫోన్ చేస్తే ఎత్తవు. మూడేళ్లుగా ఎత్తలేదు, ఇప్పుడెందుకు ఎత్తుతావు? పుల్లల్లాంటి నీ చేతులూ కాళ్లూ చూసి నాన్న పెట్టిన పేరుతోనే మొదలుపెట్టాను. కోపమొస్తే ఆ ఒక్క మాటా కొట్టేసి మిగతాది చదువు. అసలు సంగతి ముందే చెప్పేస్తాను, డొంకతిరుగుడుగా మాట్లాడితే నీకు ఒళ్లు మంట. ఆ రోజు బీచ్‌లో అమ్మ ఉంగరం లేదని నేను చెప్పిన మాట తప్పు. ఉందో లేదో నాకు తెలియదు. తెలియకుండానే తెలిసినట్టు చెప్పాను.

జరిగింది నీకు గుర్తు చెయ్యక్కర్లేదు. అయినా నా చేత్తో నేను ఒక్కసారి ఉన్నదున్నట్టు రాసుకోవాలి. అమ్మ అప్పుడే జ్వరం నుంచి లేచింది, చిక్కి సగమైంది. నీళ్లలో కాళ్లు తడుపుకుంటానని లేచి, ఉంగరం వదులైంది, జారిపోతుందని తీసి నీ వేలికి తొడిగింది. నలభై ఏళ్లు గిన్నెలు తోమీ, బట్టలుతికీ అరిగిపోయి దారప్పోగంత అయిన బంగారు ఉంగరం. నాన్న చేయించిందని దాని మీద అమ్మకి ప్రాణం. నువ్వూ నీ పాపా సిమెంటు మెట్ల పక్కన ఇసకతో ఇల్లు కట్టారు. అమ్మ తిరిగొచ్చేసరికి నీ వేలు బోసిగా ఉంది. "ఇక్కడే జారిందమ్మా, ఈ మెట్ల దగ్గరే" అన్నావు. నేను పెద్ద మొనగాడిలా "నా మెషిన్ ఉండగా ఏడుపెందుకు?" అని ఇంటికి పరుగెత్తి, ఇసకలో లోహం తగిలితే కూసే ఆ మెటల్ డిటెక్టర్ తెచ్చాను.

నా సంగతి నీకు తెలుసుగా. షాపుకి ఎవరైనా ఆగిపోయిన గడియారం తెస్తే, దానికేమైందో నాకు తెలియదని ఈ నోటితో ఒక్కసారీ అనలేదు. అదే పొగరు బీచ్‌కీ మోసుకొచ్చాను. హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, మడమతో ఇసకలో గీతలు గీసి, గీతకీ గీతకీ మధ్య బెత్తెడు కూడా వదలకుండా రెండు గంటలు తిప్పాను. రెండు నాణేలు, ఒక తాళంచెవి దొరికాయి. అంతే. హెడ్‌ఫోన్స్ తీసి అందరి ముందూ అన్నాను, "ఇక్కడ లేదు. ఉంటే ఇది కూసేది" అని.

"మరి రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?" అంది అమ్మ. ఆ తర్వాత అనకూడనిది అంది. "నాకిచ్చెయ్యమ్మా, నాకిచ్చెయ్యమ్మా అని పదిసార్లు అడిగావు కదే. ఇలా తీసుకోవాలా?" నువ్వు అడిగింది వేళాకోళానికని మా అందరికీ తెలుసు. నువ్వు అమ్మ వైపు చూడలేదు. నా వైపు చూశావు. నేనేదో అంటానని ఎదురుచూశావు. నేను హెడ్‌ఫోన్స్ వైరు చుట్టుకుంటూ కూర్చున్నాను. చుట్టిన వైరే విప్పి మళ్లీ చుట్టాను. నువ్వు పాపని చంకనేసుకుని, బావగారిని రమ్మని కూడా అనకుండా వెళ్లిపోయావు. పాపం ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని మీ వెనక పరుగెత్తారు.

ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెందుకంటావా? ఈ మెషిన్‌కి ఒక నాబ్ ఉంటుంది. దాన్ని పైకి తిప్పితే ఇనుప మేకులకీ, సీసా మూతలకీ, చాక్లెట్లకి చుట్టే వెండి రేకుకీ మెషిన్ నోరెత్తదు. బీచ్ నిండా ఆ రేకులే. కూసిన చోటల్లా తవ్వితే నడుం విరుగుతుంది. అందుకని కొన్న రెండో నెలలోనే నాబ్ పైకి తిప్పి పెట్టేశాను, మళ్లీ ముట్టుకోలేదు. మొన్న మంగళవారం పొద్దున ఒక బస్సు డ్రైవరు కొత్త మెషిన్‌తో వచ్చాడు. పాపం ప్రతి రేకూ తవ్వుతున్నాడు. నేను అప్పుడే తిప్పి వచ్చిన చోట అతను తవ్వబోతుంటే "అక్కడేం లేదు, ఇప్పుడే చూశాను" అన్నాను పెద్దరికంగా. అతను నా మాట చెవిన పెట్టలేదు. సన్నటి బంగారు చెవిపోగు బయటికి తీసి అరచేతిలో పెట్టుకుని, "మరి ఇదేంటి మాస్టారూ?" అన్నాడు.

ఇంటికొచ్చి మీ వదిన సన్న ఉంగరం అడిగి నేల మీద పెట్టి, పైనుంచి మెషిన్ తిప్పాను. కిక్కురుమనలేదు. నాబ్ కిందికి తిప్పాను. కూసింది. రేకుకి ఎలా కూస్తుందో అచ్చం అలాగే. సన్న బంగారమైనా, చాక్లెట్ రేకైనా దానికి ఒకటే. మీ వదిన గుమ్మంలో నిలబడి అంతా చూస్తోంది. "మరి ఆ రోజు నాబ్ ఎక్కడుంది?" అంది. నాబ్‌ని మళ్లీ పైదాకా తిప్పి చూపించాను.

ఇంకో సంగతి. అలలు రోడ్డు దాకా వస్తున్నాయని బీచ్ పొడవునా బండరాళ్లు పోస్తున్నారు. ఇవాళ్టి నుంచి తొమ్మిదో రోజుకి మెట్ల దగ్గరికి వస్తామని సూపర్‌వైజరు చెప్పాడు. ఆ తర్వాత అక్కడ ఇసక కంటికి కనబడదు. షాపు మూసేశాను. నాబ్ పూర్తిగా కిందికి తిప్పేశాను. కూసిన ప్రతి చోటా తవ్వుతాను. అమ్మకి ఇంకా ఏమీ చెప్పలేదు, ఉంగరం చేతిలో పెట్టి అప్పుడు చెబుతాను. దొరికిన రోజే బస్సెక్కి నీ దగ్గరికి వస్తాను.

నీ అన్నయ్య


అన్నయ్యా,

కవరు మీద వదిన రాత చూసి, మీకెవరికైనా ఏమైనా అయిందేమోనని హడిలిపోయి చించాను. ఇలాంటి తెలివితేటలు నీకు మాత్రమే వస్తాయి.

ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎక్స్‌రే గది బయట పేషెంట్లు లైనులో ఉండగా ఒకసారి, ఇంటికొచ్చి ఒకసారి. నాబ్ గురించి బాగా వివరంగా రాశావు. నాకు అర్థమైంది, నేనూ మెషిన్ పక్కనే బతుకుతున్నాను. ఒక్కోసారి మా దగ్గరికి వచ్చిన మనిషి నొప్పితో మెలికలు తిరిగిపోతుంటాడు, ఫిల్ములో ఏమీ ఉండదు. అప్పుడు మా డాక్టరుగారు నీకు నొప్పి లేదు పొమ్మనరు. పక్కన కూర్చుని ఎక్కడ నొప్పి, ఎలా నొప్పి అని మళ్లీ మొదటినుంచి అడుగుతారు. ముక్కూ మొహం తెలియని వాళ్లనే అలా అడుగుతారు. నువ్వు నన్ను ఒక్క ముక్క అడగలేదు.

ఆ రోజు తడి బట్టలతో బస్సెక్కాం. పాపకి అప్పుడు నాలుగేళ్లు. "అమ్మా, మనం ఏం తీశాం?" అని గట్టిగా అడిగింది. బస్సులో అందరూ చూస్తున్నారు. ఏమీ తియ్యలేదమ్మా అన్నాను. "మరి మావయ్య అక్కడ లేదన్నాడుగా" అంది. మీ బావగారు ఈ మూడేళ్లలో ఒక్కసారి కూడా ఉంగరం మాటెత్తలేదు. ఆయనకి నా మీద నమ్మకమని నాకు తెలుసు. అయినా ఆయన ఊరుకున్నప్పుడల్లా, ఈయన కూడా అలాగే అనుకుంటున్నారేమో అనిపిస్తుంది. నన్ను అలా తయారుచేశారు మీరు.

ఇప్పుడు మెషిన్ తప్పని తేలింది కాబట్టి నేను సగం మంచిదాన్నయ్యాను. ఉంగరం దొరికితే పూర్తిగా మంచిదాన్నవుతాను. దొరక్కపోతే? అమ్మకి ఇంకా చెప్పలేదని ఎంత తేలిగ్గా రాశావు! చేతిలో ఉంగరం లేకుండా నా తరఫున మాట్లాడాలంటే నీకు ఇప్పటికీ భయమే.

అందుకని విను. ఉంగరం దొరికితే అమ్మకిచ్చెయ్యి, సంతోషపడుతుంది. నా దగ్గరికి మాత్రం రాకు. అది దొరక్కుండా, ఖాళీ చేతులతో, చెల్లెలు చెప్పిందే నిజమని అమ్మ ఎదురుగా నిలబడి చెప్పగలిగితే అప్పుడు రా. తలుపు తీస్తాను.

నాన్న పెట్టిన పేరుతో సంతకం పెట్టబుద్ధి కావడం లేదు.

నీ చెల్లెలు


చెల్లెమ్మా,

నీ ఉత్తరం ఎనిమిదో రోజు అందింది. అప్పటికి అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. మూడు బకెట్ల రేకులూ, మూతలూ తీశాను. రేకు తగిలిన ప్రతిసారీ ఉంగరమే అనుకునేవాణ్ణి, విప్పి చూస్తే చాక్లెట్ కాగితం. బస్సు డ్రైవరు సెలవు పెట్టి మరీ నాతో తవ్వాడు. లారీల చప్పుడు రోజురోజుకీ దగ్గరికొస్తోంది, పడుకున్నా చెవుల్లో అదే. నీ ఉత్తరం చదవగానే ముందు నీ మీద కోపమొచ్చింది. అబద్ధమెందుకు, వచ్చింది. ఇంత చస్తుంటే ఇదా నువ్వనేది అనుకున్నాను. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని మళ్లీ తవ్వాను.

తొమ్మిదో రోజు పొద్దున వెళ్లేసరికి లారీ మెట్ల పక్కనే నిలబడి ఉంది, దాని వెనక క్రేను. సూపర్‌వైజరు వాచీ చూసుకున్నాడు, అది నేను బాగుచేసిచ్చిన వాచీయే. "అరగంట మాస్టారూ. ఆ తర్వాత నా చేతిలో లేదు" అన్నాడు. నీళ్ల వైపు నుంచి వరసగా తవ్వుకుంటూ వచ్చాను, చూడకుండా మిగిలింది మెట్ల అడుగున, పక్కగా మంచమంత జాగా. ఇరవై నిమిషాలు తిప్పినా ఏమీ లేదు. డ్రైవరు పార పట్టుకుని పక్కనే ఉన్నాడు. క్రేను అతను ఇంజన్ స్టార్ట్ చేశాడు. అప్పుడు కూసింది. సన్నగా, లోతు నుంచి. అటునుంచి తిప్పినా ఇటునుంచి తిప్పినా ఒకేలా. పాప ఇల్లు కట్టింది సరిగ్గా అక్కడే. మెషిన్ పక్కన పెట్టి మోకాళ్ల మీద కూర్చుని, చేతులతోనే రెండు దోసిళ్ల ఇసక తీశాను. వంగితే జేబులో నీ ఉత్తరం గుచ్చుకుంది.

ఇంకో జానెడు తవ్వితే తెలిసిపోతుంది. రేకైతే నీ దగ్గరికి రావచ్చు, ఉంగరమైతే రాలేను. కానీ నన్ను ఆపింది అది కాదు. తవ్వి చూడాలని నాకెందుకు ఇంత ఆత్రం అనుకున్నాను. నువ్వు చెప్పింది నిజమో కాదో తేల్చుకోవాలని. మూడేళ్లు గడిచాక, తప్పు నాదని తెలిశాక, నీకంత పెద్ద ఉత్తరం రాశాక కూడా నాలో ఒక మూల అనుమానం ఉండనే ఉంది, చెల్లెమ్మా. ఈ ముక్క రాయకపోతే నా పరువు దక్కేది. కానీ ఈసారి నీ దగ్గర ఏదీ దాచను.

"తవ్వండి మాస్టారూ! ఏంటలా చూస్తారు? టైమైపోతోంది!" అని డ్రైవరు అరుస్తున్నాడు. "ఇంక చూడక్కర్లేదు" అన్నాను. తీసిన ఇసక తిరిగి పూడ్చాను. అతను పార దించబోతే చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాను. నాకు పిచ్చి పట్టిందనుకున్నాడు. సూపర్‌వైజరుకి చెయ్యి ఊపాను. మొదటి బండ పడ్డప్పుడు మెట్లు అదిరాయి.

అమ్మ కిటికీ దగ్గర ఉతికిన తువ్వాళ్లు మడతపెడుతోంది. "దొరికిందా?" అంది. ఇన్ని రోజులూ నేనెక్కడికి పోతున్నానో తనకి తెలుసన్నమాట.

"లేదమ్మా. కానీ ఉంగరం అక్కడే పడింది."

"చూశావా?"

"చూడలేదు."

"మరెలా తెలుసురా?"

"చెల్లి చెప్పిందిగా."

అమ్మ చేతిలో తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది. నాబ్ సంగతీ, చెవిపోగు సంగతీ, ఆ రోజు నోరు మూసుకుని వైరు చుట్టుకున్న సంగతీ అన్నీ చెప్పాను. అమ్మ ఉంగరం లేని వేలిని బొటనవేలితో రుద్దుకుంటూ కూర్చుంది, మూడేళ్లుగా అదే అలవాటు. భోజనానికి పిలిస్తే రాలేదు. సాయంత్రం మీ వదినని పిలిచి, "దాని వేలు ఎంతుంటుందే?" అని అడిగింది. ఎవరి వేలో, ఎందుకో మాకు అర్థం కాలేదు. కాసేపటికి, చెల్లికి రాస్తే చివర్లో కాస్త జాగా వదులు అంది. వదులుతున్నాను.

మెషిన్ బస్సు డ్రైవరుకి ఇచ్చేశాను. శనివారం పొద్దుటి బస్సుకి అమ్మా, మీ వదినా, నేనూ ముగ్గురం వస్తున్నాం. చేతుల్లో ఏమీ ఉండదు. పాపకి నేను చెప్పాల్సిన మాట ఒకటుంది, అది ఎదురుగా కూర్చుని చెబుతాను.

నీ అన్నయ్య


తల్లీ,

నా వేలికి వదులైందని తీసి నీ వేలికి పెట్టాను. నా వేలికే నిలవని ఉంగరం నీ పిచ్చుక వేలికి ఎలా నిలుస్తుందని అప్పుడు ఆలోచించలేదు. ఈ మూడేళ్లూ ఆలోచించలేదు. దాన్ని పోగొట్టింది నేను. నీ మీద వేసింది కూడా నేనే. తలుపు తియ్యమ్మా.

అమ్మ