లీలండ్ పేరిట బేస్‌బాల్ కార్డులు

కొలంబస్, 1988 మార్చి

ప్రియమైన అమ్మకు,

మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడి లైబ్రరీవాళ్ళు నేను ఇన్నేళ్ళూ పోగుచేసిన బేస్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మల కార్డులు ప్రదర్శనకు తీసుకోవడానికి ఒప్పుకున్నారు. హాల్లో అద్దాల బీరువా, దాని కింద ఇత్తడి పలక. పలక మీద లీలండ్ అన్నయ్య పేరు వేయిద్దామనుకుంటున్నాను. వాడి ఫోటో పంపుతావా?

ఈ కార్డుల పిచ్చి ఎలా మొదలైందని లైబ్రేరియన్ అడిగింది. పోలియోతో వాణ్ణి ఆసుపత్రిలో చేర్చిన వేసవి గురించి చెప్పాను. అంటువ్యాధి సోకిన పిల్లల బొమ్మలు తగలబెట్టేవారు కదా. నాన్న పెరట్లో నూనె పీపాలో వాడి కార్డులు కాలుస్తుంటే గాలికి ఒకటి ఎగిరి కంచె దగ్గర పడింది. క్లీవ్‌లాండ్ జట్టులో బంతి విసిరే పిచర్ బొమ్మ, ఒక మూల నల్లబడింది. జేబులో దాచాను. వాడు వచ్చేలోపు మిగతావన్నీ సంపాదించి పెట్టాలని వీధిలో అబ్బాయిలతో పందేలకు దిగాను. గోడకేసి చెరో కార్డు విసరడం, ఎవరిది గోడకు దగ్గరగా పడితే వాళ్ళకి రెండూ. వాడు రాలేదు. నేను ఆపలేదు.

ప్రేమతో,
నీ వెర్నా

*

వెర్నాకు,

మోకాలు అలాగే ఉంది. ఫోటో లేదు. పలక మీద నీ పేరే వేయించుకో. చచ్చిన పిల్లాణ్ణి హాల్లోకి ఈడ్చకు.

అమ్మ

*

ఏప్రిల్

ప్రియమైన అమ్మా,

ఫోటో నీ మంచం పక్కనే ఉందని నాకు తెలుసు. వాణ్ణి ప్రేమించే హక్కు నీ ఒక్కదానిదేనా? నన్ను ఏడిపించేవాడు, కాదనను. చూయింగ్‌గమ్ పొట్లంలో వచ్చే కార్డులు తను తీసుకుని, నమిలేసిన గమ్ నా అరచేతిలో పెట్టేవాడు. "ఇందవే పొట్టీ, నీ వాటా!" అన్నాచెల్లెళ్ళన్నాక అదంతా మామూలే. బతికుంటే కార్డులన్నీ నాకే ఇచ్చేవాడేమో. పలక చెక్కడానికి ఇచ్చేశాను. ప్రారంభం మే నెలలో. నువ్వు రావాలి.

ఎదురుచూస్తూ,
వెర్నా

*

వెర్నాకు,

చెప్పకుండానే పోదామనుకున్నాను. నువ్వు పోనివ్వవు.

కాల్చమని ఏ డాక్టరూ అనలేదు. లీలండ్ అడిగాడు. ఒళ్ళంతా ఊపిరాడించే యంత్రంలో, తల ఒక్కటే బయటికి ఉండేది. అది గాలి వదిలినప్పుడల్లా రెండేసి మాటలు. "అమ్మా, కార్డులు... కాల్చెయ్."

"నయమై వచ్చి ఆడుకుందువురా," అన్నాను.

"రాను. వెర్నా... తీసుకుంటుంది. దానికి... ఒక్కటీ దక్కకూడదు. ఒట్టెయ్."

వేశాను. అంటురోగమని మీ నాన్నకు అబద్ధం చెప్పాను. లీలండ్ నన్ను మరేమీ అడగలేదు. నువ్వు మొదటి పందెం గెలిచి "ఇది అన్నయ్యకి" అంటూ పరుగెత్తుకొచ్చినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పలక తీయించు.

అమ్మ

*

మే

ప్రియమైన అమ్మా,

నీ ఉత్తరం పట్టుకుని బీరువా ముందు నిలబడ్డాను. వాడికి నేనంటే అసహ్యమా? లేక చావు భయంలో, దొరికిన చేతిని కొరికాడా? పసివాడు కదా అని సర్దిచెప్పుకోబోయాను. నా మాట నాకే నమ్మబుద్ధి కాలేదు. మరి ఇన్నేళ్ళూ నేను పోగుచేసింది ఎవరికోసమో.

పలక తీయించలేదు. లీలండ్ పేరు కింద ఇంకో వరుస చెక్కించాను: "ప్రేమతో తన చెల్లెలికి ఇచ్చినవి." నిన్న ప్రారంభానికి వచ్చినవాళ్ళు అది చదివి కళ్ళు తుడుచుకున్నారు. వాడి ఫోటో లేని లోటు ఎవరికీ తెలియలేదు.

అది అబద్ధమని చెప్పగలిగేది నువ్వొక్కదానివే. ఎప్పుడొస్తావు, అమ్మా? కారు పంపుతాను.

నీ కూతురు,
వెర్నా